ఒంగోలు ఎండల్లో సామాను ఎక్కడ సర్దాలి?

మా ఒంగోలు డాబా ఇళ్లకు నేలమాళిగలు ఉండవు. ఉన్నదల్లా అటక, మెట్ల కింద సందు, మంచం కింద చోటు.

అటక స్లాబుకు దగ్గరగా ఉంటుంది, మే నెలలో పెనంలా కాలుతుంది. మందులు, కొవ్వొత్తులు, ఫోటో ఆల్బమ్‌లు అక్కడ వద్దు. ఇత్తడి బిందెలు, పండగలకు దించే పెద్ద గిన్నెలు ఎక్కించండి.

మెట్ల కింద మా ఆయన చేత నాపరాయి అరలు వేయించాను. ఆవకాయ జాడీలు, చింతపండు అక్కడే. జాడీకీ గోడకీ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ వదిలితే గాలి ఆడుతుంది. బియ్యం బస్తా నేల మీద పెట్టకండి, చెమ్మ లాగుతుంది. ఇటుకల మీద బండ పరిచి దానిపై నిలబెట్టండి.

మంచం కింద పెట్టెలపై లోపల ఏముందో రాసి అతికించండి. మా అత్తయ్యకైతే చీటీలు అక్కర్లేదు, కూర్చున్నచోటి నుంచే చెప్పేస్తారు.