దూరదేశపు ఇంటివంట – 4వ పాఠం: రోమ్ వాళ్ల కాచో ఎ పేపె

మూడో పాఠంలో జపాన్ వాళ్ల దాషి అనే రసం కాచాం. కొంబు అనే సముద్రపు నాచును నీళ్లు తెర్లకముందే తీసేయాలి, లేకపోతే రసం జిగురుగా, కాస్త చేదుగా మారుతుందని చూశాం. ఆ పాఠం బాగా వచ్చినవాళ్లకు ఈ పాఠం సగం వచ్చినట్టే. ఎందుకంటే ఇక్కడ కూడా వంటంతా వేడిని ఎప్పుడు తగ్గించాలో తెలియడంలోనే ఉంది. కాచో ఎ పేపె అంటే చీజ్, మిరియాలు అని అర్థం. సామాన్లు చూస్తే నవ్వొస్తుంది. పాస్తా, చీజ్, మిరియాలు, అంతే. నూనె లేదు, వెన్న లేదు, ఉల్లిపాయ కూడా లేదు.

ముందే చెప్పేస్తాను, నేనింకా రోమ్ చూడలేదు. పాస్‌పోర్ట్ తీసుకున్నానే గానీ అందులో ఒక్క ముద్ర కూడా పడలేదు. వంటింటి గోడకు రోమ్ మ్యాప్ అంటించుకున్నాను, నూనె చింది టెస్టాచో అనే పేట మీద పెద్ద మరక పడింది. వెళ్తే ముందు అక్కడికే వెళ్లాలని అప్పుడే అనుకున్నాను. ఆ పేటలో మోంటె టెస్టాచో అని ఒక గుట్ట ఉంది. సుమారు 35 మీటర్ల ఎత్తు. అది మట్టి గుట్ట కాదు, పాతకాలపు రోమన్లు ఆలివ్ నూనె దిగుమతి చేసుకున్న కుండల పెంకుల పోగు. నూనె పీల్చుకున్న కుండ మళ్లీ వాడటానికి పనికిరాదని పగలగొట్టి అక్కడే పేర్చారు. ఇప్పుడు ఆ గుట్ట అంచుల్ని తొలిచి హోటళ్లు పెట్టారు. 1975 దాకా ఆ పక్కనే ఊరి కబేళా కూడా ఉండేది. రోమ్‌లో కష్టజీవుల తిండి ఎలా ఉండేదో తెలియాలంటే వెళ్లాల్సిన పేట అది.

ఈ వంట కూడా ఆ కోవలోదే. గొర్రెల్ని తోలుకుని నెలల తరబడి కొండలెక్కే కాపరులు ఎండిన పాస్తా, నిలవుండే చీజ్, మిరియాలు సంచిలో పెట్టుకుపోయేవారని, అలా పుట్టిందని చెబుతారు. కథ ఎంత నిజమో ఏమోగానీ, అలసిపోయినప్పుడు వండుకునే తిండి అన్న మాటకు మాత్రం సరిగ్గా సరిపోతుంది. మనం విదేశం అని కలలు కనే చోట ఇది ఎవరో ఒకరు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, పావుగంటలో వండుకుని తినేది. అందుకే దీన్ని పండగ వంటలా, అతిథుల్ని పిలిచి మొదలుపెట్టకండి. ఒళ్లు అలిసిన ఒక మామూలు రోజు ఇద్దరికి సరిపడా వండండి.

ఇద్దరికి కావలసినవి: స్పగెట్టి 200 గ్రాములు, పెకోరీనో రొమానో చీజ్ 100 గ్రాములు, మిరియాలు రెండు చిన్న చెంచాలు, నీళ్లు లీటరున్నర, ఉప్పు ఒక చిన్న చెంచా. రోమ్‌లో స్పగెట్టి కన్నా కాస్త లావుగా, నలుపలకలుగా ఉండే తొన్నరెల్లి వాడతారు. అది దొరక్కపోయినా ఏం ఫరవాలేదు. పాస్తా గరుకుగా, తెల్లటి పొడి అద్దినట్టు కనిపిస్తే మంచిది, సాస్ దాన్ని బాగా పట్టుకుంటుంది. నున్నగా మెరిసేది అయితే సాస్ జారిపోతుంది.

చీజ్ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇటాలియన్‌లో పెకోరా అంటే గొర్రె. ఇది గొర్రె పాల చీజ్, బాగా ఉప్పగా, ఘాటుగా ఉంటుంది. పేరులో రోమ్ ఉన్నా ఇప్పుడు చాలా భాగం తయారయ్యేది సార్డీనియా ద్వీపంలో. తురమడానికి వాడేదాన్ని కనీసం 8 నెలలు మాగబెడతారు. శాకాహారులు ఒక విషయం గమనించుకోవాలి: పాలు విరగడానికి ఇందులో గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అది వద్దనుకునేవాళ్లు శాకాహార గుర్తు ఉన్న గట్టి చీజ్ ఏదైనా తీసుకోండి. రుచి మారుతుంది, పద్ధతి మారదు. క్రీమ్ పోసి పని కానిచ్చేవాళ్లు కూడా ఉన్నారు. తినడానికి బాగానే ఉంటుంది, కానీ ఈ పాఠంలో నేర్చుకోవడానికి ఇంకేమీ మిగలదు.

నేను మొదటిసారి చేసినప్పుడు జరిగింది వినండి. పాస్తా సెగ మీదే ఉంది, పొగలు కక్కుతోంది. ఆకలి మీద ఉండి తురుమంతా ఒక్కసారిగా అందులో పోసేశాను. అర నిమిషంలో చీజ్ అంతా పోగుపడి ఒక రబ్బరు ముద్దయి గరిటెకి అతుక్కుంది. పైకి లాగితే జానెడు తీగ సాగింది. కింద పాస్తా మాత్రం పల్చటి తెల్లనీళ్లలో ఈదుతోంది. ఆ ముద్దని మళ్లీ కరిగిద్దామని సెగ పెంచాను, ఇంకా గట్టిపడింది. ఆ రాత్రి మిరియాల నీళ్లతో పాస్తా తిన్నాను.

ఎందుకలా జరిగిందంటే, చీజ్‌లో ఉన్న ప్రొటీన్లు 65 డిగ్రీలు దాటితే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకడతాయి. వాటిని విడివిడిగా ఉంచేది పాస్తా ఉడికిన నీళ్లలోని పిండి పదార్థం. అంటే గంజి. గంజి చిక్కగా ఉండాలి, వేడి తక్కువగా ఉండాలి, ఈ రెండూ కుదిరితే సాస్ మజ్జిగలా నున్నగా వస్తుంది. ఇది ఎంత ఇబ్బంది పెట్టే వంటంటే, ఇటలీ శాస్త్రవేత్తలు కొందరు ఈ సాస్ మీదే పరిశోధన చేశారు. 2025లో భౌతికశాస్త్రంలో ఇగ్ నోబెల్ బహుమతి వాళ్లకే వచ్చింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. వాళ్లు తేల్చిన లెక్క మనకు పనికొస్తుంది: చీజ్ బరువులో 2 నుంచి 3 శాతం పిండి పదార్థం ఉంటే సాస్ విరగదు. ఒక శాతం కన్నా తగ్గితే నా రబ్బరు ముద్దే గతి.

ఇక పనిలోకి దిగుదాం. ముందు చీజ్‌ని తురుముపీట మీద సన్నటి వైపు తురమండి. లావు తురుమైతే కరిగేలోపే పోగుపడుతుంది. తురుము దాదాపు పిండిలా, పట్టుకుంటే గాల్లో తేలేంత తేలిగ్గా ఉండాలి. మిరియాల్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, మెత్తటి పొడి వద్దు. వెడల్పాటి పెనంలో, నూనె లేకుండా, సన్న సెగ మీద ఒక నిమిషం వేయించండి. ముక్కుకి వాసన తగలగానే దించండి. తుమ్ము వచ్చిందంటే ఆలస్యం చేశారన్నమాట.

నీళ్లు లీటరున్నరే పెట్టమన్నాను, చూశారా. పాస్తాకి చాలా నీళ్లు పెట్టాలని అంతటా రాసి ఉంటుంది. ఇక్కడ మనకు చిక్కటి గంజి కావాలి కాబట్టి తక్కువే పెడతాం. ఉప్పు కూడా మామూలుగా వేసేదాంట్లో సగమే, చీజ్ ఎలాగూ ఉప్పగా ఉంటుంది. పాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందు పాస్తా తీసేయాలి. ఒక పోగు కొరికి చూస్తే మధ్యలో తెల్లటి చుక్క కనిపించాలి. అది కనిపించకపోతే ఉడుకు ఎక్కువైనట్టే.

పాస్తా ఉడుకుతుండగానే రెండు గరిటెల గంజి ఒక కప్పులోకి తీసి పక్కన పెట్టండి. దీన్ని తొందరపడి వాడకండి. వేలు ముంచితే వెచ్చగా తగలాలి గానీ చురుక్కుమనకూడదు. అప్పుడు తురుములో చెంచా చెంచాగా పోస్తూ కలపండి. మొదట పిండి కలిపినట్టు గడ్డలుగా ఉంటుంది, తర్వాత దగ్గరపడుతుంది, ఇంకో చెంచా పోస్తే మెరుస్తూ టూత్‌పేస్ట్‌లా అవుతుంది. అక్కడితో ఆపేయండి. నిజానికి పాఠమంతా ఈ గిన్నెలోనే ఉంది. ఈ ఒక్కటీ సరిగ్గా వస్తే మిగతాది చేతుల ఆటే.

మిరియాల పెనంలో ఇప్పుడు రెండు గరిటెల వేడి గంజి పోసి, పాస్తాని పట్టకారుతో నేరుగా అందులోకి ఎత్తండి. చిల్లుల గిన్నెలో వంపేస్తే గంజి సింకులో పోతుంది. సెగ మీద రెండు నిమిషాలు కదుపుతూ ఉడకనివ్వండి, నీళ్లు సగానికి తగ్గాలి. తర్వాత స్టవ్ ఆపేసి, పెనాన్ని తీసి చల్లటి గట్టు మీద పెట్టి, ఒక నిమిషం చేతులు కట్టుకుని నిలబడండి. కష్టమైన పని ఇదే. బుడగలు పూర్తిగా ఆగాక చీజ్ ముద్ద వేసి, పెనం ఊపుతూ గబగబా కలపండి. ఇటాలియన్లు ఈ కలపడాన్ని మాంతెకారే అంటారు. గట్టిగా ఉందనిపిస్తే చెంచాడు గంజి, పల్చగా ఉంటే ఇంకో అర నిమిషం కలుపుడు. పోగుల మీద తెల్లటి పూత పట్టి, పెనం వంచితే సాస్ అలలా కదిలితే అయిపోయినట్టే. పళ్లేల్ని ముందే వేడి నీళ్లతో కడిగి తుడిచి ఉంచుకుంటే ఇంకా మంచిది, చల్లటి పళ్లెంలో ఇది నిమిషాల్లో బిగుసుకుపోతుంది.

రెండుసార్లు విరిగి టెన్షన్ పడుతున్నవాళ్లకు ఒక దారి ఉంది, సిగ్గుపడక్కర్లేదు. ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్‌ని మూడు పెద్ద చెంచాల నీళ్లలో కలిపి, చిక్కటి జిగురయ్యేదాకా కాచి చల్లార్చండి. తురుముని గంజికి బదులు దీనితో కలపండి. శాస్త్రవేత్తలు చెప్పిన లెక్కకు ఇది అటూఇటుగా సరిపోతుంది, సెగ కొంచెం ఎక్కువైనా తట్టుకుంటుంది.

ఈ వారం ఇంటిపని: పాస్తా జోలికి పోకుండా, 30 గ్రాముల తురుముతో చీజ్ ముద్ద ఒక్కటే మూడుసార్లు కలిపి చూడండి. ఒకసారి చల్లటి గంజితో, ఒకసారి గోరువెచ్చటి దానితో, ఒకసారి మరుగుతున్న దానితో. మూడోది కావాలనే చెడగొట్టండి, తీగ సాగేదాకా. ఆ ముద్దని రొట్టె మీద పెట్టి కాల్చుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది, పారేయకండి.

నోట్‌బుక్‌లో దేశానికో పేజీ రాసుకుంటున్నారు కదా. రోమ్ పేజీలో నేను రాసుకున్నవి మూడు: మెట్రో బి లైన్‌లో పిరమిదె స్టేషన్‌లో దిగాలి, బయటికి రాగానే నిజంగానే ఒక పిరమిడ్ కనిపిస్తుంది, 2 వేల ఏళ్ల నాటిది. అక్కడి నుంచి పెంకుల గుట్టకు నడక దూరమే. ఏదైనా చిన్న హోటల్లో వంటవాడు పెనం ఊపే చప్పుడు వినిపించే చోట కూర్చుని, స్టవ్ ఆపాక అతను ఎంతసేపు ఆగుతాడో లెక్కపెట్టాలి.

వచ్చే పాఠంలో స్పెయిన్ వాళ్ల బంగాళాదుంప ఆమ్లెట్. దాన్ని తిరగేయడానికి మీ పెనం కన్నా కాస్త వెడల్పాటి, అంచు లేని పళ్లెం ఒకటి కావాలి. ఈలోగా వెతికి పెట్టుకోండి.