రేడియోధార్మిక వ్యర్థాల సంచి బయటికి పంపే ముందు

ల్యాబుల్లో, న్యూక్లియర్ మెడిసిన్ (రేడియోధార్మిక మందులతో పరీక్షలు, చికిత్స చేసే) విభాగాల్లో రేడియోధార్మికత తగ్గేదాకా నిల్వ ఉంచిన సంచిని మామూలు చెత్తలో కలిపే ముందు చూసుకోవాల్సినవి:

• లేబుల్ మీద ఐసోటోపు (సంచిలోని రేడియోధార్మిక పదార్థం) పేరు, సంచి మూసిన తేదీ ఉండాలి. రోజులు లెక్కపెట్టేది మూసిన నాటి నుంచి, మొదటి సిరంజి వేసిన నాటి నుంచి కాదు.

• పది అర్ధాయువులు గడవాలి (అర్ధాయువు అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం). టెక్నీషియం-99ఎమ్‌కు (6 గంటలు) రెండున్నర రోజులు, అయోడిన్-131కి (8 రోజులు) 80 రోజులు. రెండూ ఒకే సంచిలో వేశారా, మొత్తానికీ 80 రోజులు ఆగాల్సిందే. అప్పటికి మిగిలేది సుమారు వెయ్యో వంతు. మొదట్లో మోతాదు ఎక్కువైతే ఆ వెయ్యో వంతూ తక్కువేం కాదు. అందుకే రేడియేషన్ కొలిచే మీటరు తప్పదు.

• ముందు మీటరు బ్యాటరీ చూడండి. సంచిని సీసం డబ్బాలోంచి తీసి, వేరే రేడియోధార్మిక పదార్థాలు లేని గదికి తీసుకెళ్లండి. సంచి పెట్టకముందే ఖాళీ బల్ల దగ్గర రీడింగు రాసుకోండి. తర్వాత నాలుగు వైపులా, అడుగునా మీటరును నెమ్మదిగా జరపండి. చాలామంది అడుగు వదిలేస్తారు, కారిన ద్రవం చేరేది అక్కడికే. ఖాళీ బల్ల రీడింగు కన్నా ఎక్కువ వస్తే సంచి మళ్లీ నిల్వ గదికే.

• ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) వ్యర్థాలకు గైగర్ మీటరు (గొట్టంతో రేడియేషన్ పసిగట్టే రకం) పనికిరాదు. దాని బలహీన బీటా కిరణాలు గొట్టం లోపలికి చేరవు.

• సంచి మీది మూడు రేకుల రేడియేషన్ హెచ్చరిక గుర్తును చించేయండి. అది ఉంటే చెత్త ఎత్తేవాళ్లు హడలిపోతారు.

• తేదీ, రీడింగు, సంతకం రిజిస్టరులో.