బాలింతకు పాలు పెరగాలంటే ముందు బిడ్డ నోటిని చూడాలి

బిడ్డ పుట్టిన వారంలోపే దాదాపు ప్రతి ఇంట్లోనూ "పాలు చాలడం లేదేమో" అన్న మాట వినిపిస్తుంది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా, పాలు తాగిన గంటకే మళ్లీ రొమ్ము కోసం వెతుక్కున్నా, మొదట్లో బరువుగా ఉన్న రొమ్ములు కొన్ని వారాలకు మెత్తబడినా పెద్దవాళ్లు ఆ మాటే అంటారు, ఆ సాయంత్రానికి పాలపిండి డబ్బా ఇంటికి చేరుతుంది. నిజానికి ఈ మూడింటిలో ఏ ఒక్కటీ దానంతటదే పాలు తగ్గాయనడానికి గుర్తు కాదు. అందువల్ల పాలు పెంచే ఉపాయాలకు పోయే ముందు, అవి నిజంగా తక్కువగా ఉన్నాయో లేదో తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి మూత్రాన్ని, బరువును చూడాలి. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు లేత రంగు మూత్రం పోస్తూ, పసుపుపచ్చని పలుచటి విరేచనం చేస్తూ ఉంటే పాలు అందుతున్నట్టే. డైపర్లు వాడితే ఈ లెక్క తెలియదు కాబట్టి, అనుమానం ఉన్న రెండు మూడు రోజులైనా పాత నూలు చీర గుడ్డలు వాడడం మేలు. పుట్టిన తొలి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గడం సహజమే, అయితే ఆ తగ్గుదల పది శాతం దాటకూడదు. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరి, ఆపైన రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. తూకం ఎప్పుడూ ఒకే యంత్రం మీద, బట్టలు లేకుండా వేయించాలి.

కాన్పయిన మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కలోనే ఉంటాయి. తొలిరోజు బిడ్డ ఒక్కో విడతకు తాగగలిగేదీ అంతే. ధారగా పాలు పడడం సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో మొదలవుతుంది, ఆపరేషన్ కాన్పు అయినవారికి, మధుమేహం ఉన్నవారికి ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. ఈ వ్యవధిలో తేనె నాకించడం, పంచదార నీళ్లు పట్టడం వల్ల బిడ్డ రొమ్మును చీకే ఆసక్తి తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ భయమూ ఉంటుంది. పుట్టిన గంటలోపే రొమ్ముకు పెట్టించడం, గుడ్డలు అడ్డం లేకుండా బిడ్డను తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పడం పాలు త్వరగా పడడానికి తోడ్పడతాయి.

బిడ్డ చీకినప్పుడల్లా తల్లి మెదడులో ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. మొదటిది పాలను తయారుచేయిస్తుంది, రెండోది పాలను చేపిస్తుంది. రొమ్ము నిండి ఉన్నంతసేపూ పాల తయారీ నెమ్మదిస్తుంది, ఖాళీ అయిన కొద్దీ వేగం పుంజుకుంటుంది. కనుక పాలు "కూడబెట్టుకోవడానికి" ఒక పూట ఆపి చూడడమన్నది ఉన్న పాలను తగ్గించుకునే పని. ప్రొలాక్టిన్ రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, బాలింత నిద్రపోవాలన్న మంచి ఉద్దేశంతో రాత్రంతా సీసా పాలు పట్టే ఇళ్లలో పాలు తగ్గడానికి అదే కారణం కావచ్చు.

ఎన్నిసార్లు పట్టినా బిడ్డ సరిగా పట్టుకోకపోతే రొమ్ము ఖాళీ కాదు. అసలు గమనించవలసింది ఇక్కడే. బిడ్డ తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండి, పొట్ట తల్లి పొట్టకు ఆనుకోవాలి. చనుమొనను బిడ్డ పైపెదవికి తాకిస్తే కాసేపటికి ఆవులించినట్టు నోరు పెద్దగా తెరుస్తుంది, ఆ క్షణంలో బిడ్డనే రొమ్ము దగ్గరకు తీసుకురావాలి గానీ తల్లి ముందుకు వంగి రొమ్మును నోట్లో కుక్కకూడదు. సరిగా పట్టుకున్నప్పుడు గడ్డం రొమ్ముకు తగులుతుంది, కింది పెదవి బయటికి మడిచి ఉంటుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కింద కన్నా పైన ఎక్కువగా కనిపిస్తుంది. మొదట గబగబా చీకి, పాలు చేపాక నెమ్మదిగా, లోతుగా చీకుతూ మధ్యమధ్య గుటకవేసే చప్పుడు వినిపించాలి. బుగ్గలు లోపలికి పోతున్నా, చప్పరింపు మాత్రమే వినిపిస్తున్నా, తల్లికి నొప్పి పుడుతున్నా చిటికెన వేలిని నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్క పూటలో నాలుగైదుసార్లు ఇలా చేయవలసి వచ్చినా విసుక్కోకూడదు. ఆపరేషన్ కుట్లు ఉన్నవారికి పక్కకు ఒత్తిగిలి పడుకుని పట్టడం, లేదా బిడ్డను చంక కింద నుంచి పట్టుకోవడం సుఖంగా ఉంటుంది.

రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వాలి. గడియారం చూసి పది నిమిషాలకు రొమ్ము మార్చకుండా, ఒకవైపు తాగి తానే వదిలాకే రెండోవైపు పెట్టాలి. మధ్యలో కునుకు తీస్తుంటే రొమ్మును అరచేత్తో మెల్లగా నొక్కి పట్టుకుంటే పాలు మళ్లీ నోట్లోకి వస్తాయి. రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు, సాయంత్రాల్లోనూ బిడ్డ ఆపకుండా అడగడం సర్వసాధారణం, అడిగినంతా ఇస్తే కొద్ది రోజుల్లో పాలు ఆ మేరకు పెరుగుతాయి. నిజంగానే తక్కువగా ఉన్నవారు బిడ్డ తాగిన తర్వాత మిగిలినవి పిండాలి. బొటనవేలిని నల్లటి భాగం అంచున పైన, మిగతా వేళ్లను కింద ఉంచి, ముందు ఛాతీవైపు అదిమి, తర్వాత వేళ్లు దగ్గరికి నొక్కి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. పిండిన పాలను ఉగ్గుగిన్నెతోనే పట్టాలి. వైద్యులు పాలపిండి రాసి ఉంటే దాన్ని ఉన్నపళంగా మానకుండా, బరువు చూసుకుంటూ వారి సలహాతో తగ్గించాలి.

ఇక తిండి విషయం. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం, ఒంటిపూట భోజనం పెట్టడం అనే పథ్యం ఎంత పాతదైనా మానవలసిందే. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజూ అదనంగా సుమారు 600 క్యాలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. పప్పు, మునగాకు కూర, గుడ్డు, పెరుగు, నువ్వుండలు, వెల్లుల్లి కారం వంటివన్నీ పెట్టవచ్చు. దాహం తీరేంత నీళ్లు చాలు, బిందెలకొద్దీ తాగినంత మాత్రాన పాలు పెరగవు. మెంతులు, శతావరి పాలు పెంచుతాయన్న నమ్మకానికి బలమైన ఆధారాలు లేవు. వంటలో వేసే మెంతులతో ఇబ్బంది లేదు గానీ, మోతాదు పెంచి పొడులుగా తీసుకుంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, కొందరికి విరేచనాలవుతాయి. కోస్తాలో బాలింతకు పెట్టే సొరచేపలో పాదరసం ఎక్కువగా ఉండే ప్రమాదం ఉంది కనుక, దాని బదులు నెత్తళ్ల వంటి చిన్న చేపలు వండడం మంచిది.

ఇన్ని చేసినా బరువు పెరగకపోతే ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరకు వెళ్లాలి. థైరాయిడ్ లోపం, తీవ్రమైన రక్తహీనత, గర్భసంచిలో మాయ ముక్క మిగిలిపోవడం, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, కొన్ని జలుబు మందులు పాలను తగ్గిస్తాయి. పాలు పెంచే మాత్రలను మందుల దుకాణంలో అడిగి కొనుక్కోకూడదు. బిడ్డ లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, పచ్చకామెర్లు పెరుగుతున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఉద్యోగానికి తిరిగి వెళ్లేవారు పనివేళల్లో మూడేసి గంటలకోసారి పాలు పిండితేనే తయారీ తగ్గకుండా ఉంటుంది. 2017 సవరణ నుంచి ప్రసూతి ప్రయోజన నిబంధనలు వర్తించే ఉద్యోగినులకు మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు 26 వారాల సెలవు దొరుకుతోంది, బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు పనివేళల్లో రెండు పాలిచ్చే విరామాలూ ఉన్నాయి. శుభ్రమైన మూత ఉన్న స్టీలు లేదా గాజు పాత్రలో పిండిన పాలు చల్లని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో వెనుక వైపు పెడితే నాలుగు రోజులు నిలవుంటాయి. మన వేసవిలో మాత్రం వాటిని గదిలో ఉంచకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. బిడ్డకు పట్టేటప్పుడు నేరుగా పొయ్యి మీద కాచకుండా, గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఉంచి వేడి చేయాలి, తాగగా మిగిలినవి రెండు గంటల తర్వాత పారబోయాలి.