దసరా లోపే చూసుకోండి: జిన్నింగ్ మిల్లు మేనేజర్లకు కొన్ని జాగ్రత్తలు

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో రాజురా, కోర్పనా, గడ్‌చాందూర్ వైపు, పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లుల్లో ఈ ఏడాది కొత్తగా మేనేజర్ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మిషన్ల సంగతి ఫిట్టర్ చూసుకుంటాడు. బేళ్ల (నొక్కి కట్టిన దూది కట్టల) లెక్క అకౌంటెంట్ చూసుకుంటాడు. మీకు మిగిలేది మనుషులు. నవంబర్ నుంచి జనవరి దాకా గేటు ముందు రోజుకొక పంచాయితీ తప్పదు. తేమ గురించి రైతుతో, కూలి గురించి హమాలీలతో, కిరాయి గురించి లారీవాళ్లతో, అన్నిటి గురించీ మిల్లు యజమాని సేఠ్‌తో. నేను పద్నాలుగు సీజన్లు చూశాను. ముందు ఏమీ అనుకోకుండా గేటు దగ్గరే తేల్చేద్దామని దిగిన ప్రతిసారీ డబ్బన్నా పోయింది, మాటన్నా పోయింది. అందుకే నా మాట ఒకటే. గొడవ వచ్చేది సీజన్‌లోనే, కానీ దాని పని సెప్టెంబర్‌లో, యార్డు ఖాళీగా ఉండి కుక్కలు పడుకుని ఉన్నప్పుడే చేసుకోవాలి.

తేమ దగ్గర నోరు జాగ్రత్త

ప్రభుత్వం తరఫున మద్దతు ధరకు పత్తి కొనే సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) లెక్క అందరికీ తెలుసనుకుంటాం గానీ రైతును కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం తరుగు. 12 దాటితే కొనరు. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే 12 శాతం తేమ ఉన్న పత్తికి 324 రూపాయల 40 పైసలు పోయి, 7,785 రూపాయల 60 పైసలు చేతికొస్తాయి. మీటర్ 12.3 చూపిస్తే సీసీఐ తలుపు మూసుకున్నట్టే, ప్రైవేటు వ్యాపారి ఎంతంటే అంత. ఆ పాయింటు మూడు మీద ఏడాది కష్టం నిలబడి ఉన్నప్పుడు మనిషి గొంతు పెంచుతాడు. దాన్ని పొగరు అనుకోకండి.

నా రెండో సీజన్ సంగతి చెప్తాను. డిసెంబర్ మొదట్లో, పొద్దున ఏడున్నర. కోర్పనా వైపు నుంచి ఒక పెద్దాయన ట్రాక్టర్ నిండా పత్తి తెచ్చాడు. పత్తి నాణ్యత చూసే మా గ్రేడర్ తేమ మీటర్ పెడితే 13.8. "నిన్న మా ఊర్ల పెడితే పదిన్నర వచ్చింది సాబ్" అన్నాడాయన. నాకు రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. "తొవ్వల నీళ్లు కొట్టినవా కాకా?" అనేశాను.

ఆయన ఒక్క మాట తిరిగి అనలేదు. ట్రాక్టర్ తాళంచెవి తీసి బనియన్ జేబులో వేసుకున్నాడు. బండిని వే బ్రిడ్జి మీదనే వదిలేసి, వెళ్లి వేపచెట్టు కింద కూర్చుని తమాకు నలుపుకున్నాడు. వెనక ముప్పై బండ్లు. మూడు గంటలు కాంటా ఆగిపోయింది. ఆఖరికి నేనే వెళ్లి, అందరూ చూస్తుండగా, "తప్పు మాట అన్న కాకా" అని చెప్పాక గానీ ఆయన లేవలేదు.

తర్వాత చూస్తే ఇద్దరి లెక్కా నిజమే. బండి రాత్రంతా మా గేటు బయటే ఉంది. పైన మంచు పడింది. మా గ్రేడర్ తీసింది పై పొర. ఊర్లో తీసింది మధ్యాహ్నం ఎండకు ఆరిన పత్తి. నీళ్లు కొట్టేవాళ్లు అసలు లేరని నేననను. ఉన్నారు. కానీ ఆ మాట అన్న మరుక్షణం మీరు తేమ గురించి కాదు, ఆయన పరువు గురించి మాట్లాడుతున్నట్టు. తేమకు మీటర్ ఉంది, పరువుకు లేదు.

అప్పటి నుంచి మా దగ్గర పద్ధతి మారింది. పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి మూడు పిడికిళ్లు తీయాలి. తీసేది గ్రేడర్ కాదు, రైతే. మీటర్ అద్దం రైతు వైపు తిప్పి ఉండాలి. వచ్చిన అంకె టోకెన్ మీద అక్కడే రాయాలి. ఒప్పుకోకపోతే బండి పక్కకు పెట్టి, ఎండ పొడిచాక రెండోసారి పెట్టించుకోవచ్చు. ఈ మాటలన్నీ మరాఠీలో, తెలుగులో పెద్ద అక్షరాలతో గేటు గోడ మీద పెయింట్ వేయించండి. ఫ్లెక్సీ వద్దు, డిసెంబర్ నాటికి చిరిగి ఎవరి ఇంటి కప్పు మీదకో పోతుంది. కాంటా మీద తూనికల శాఖ వేసే ముద్ర గడువు కూడా ఇప్పుడే చూసుకోండి. గొడవ మధ్యలో ఎవడో ఒకడు దాన్ని అడుగుతాడు.

మొదటి బేరం సేఠ్‌తోనే

కొత్త మేనేజర్లు దీన్ని వదిలేస్తారు, మొహమాటం కొద్దీ. సేఠ్‌ను అడగాల్సినవి మూడు. గేటు దగ్గర ఫోన్ చేయకుండా క్వింటాలుకు ఎంతవరకు నేను తేల్చగలను? యార్డు నిండితే గేటు మూసే అధికారం ఎవరిది? మనిషిని పనిలోంచి తీసే మాట ఎవరిది? జవాబులు ఒక కాగితం మీద రాసి ఆయనకే చూపించండి. సంతకం పెట్టకపోయినా ఫర్వాలేదు, చదివితే చాలు.

అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. మీరు కాదన్నాక రైతో, హమాలీల పెద్ద అయిన ముకద్దమో నేరుగా సేఠ్‌కు ఫోన్ చేస్తారు. ఆయన భోజనం మధ్యలో "ఇచ్చేయ్‌లే" అంటాడు. ఆ రోజుతో మీరు వాచ్‌మన్‌తో సమానం. ఇక ఎవరూ మీతో బేరం ఆడరు, మీ పక్క నుంచి ఫోన్ తీస్తారు. ఫోన్ వస్తే "మేనేజర్ దగ్గరికే వెళ్లండి" అని ఒక్క ముక్క అనమని ముందే అడిగి పెట్టుకోండి. మా సేఠ్‌కు అది అలవాటు కావడానికి రెండేళ్లు పట్టింది.

హమాలీలు అడిగేది, వాళ్లకు కావాల్సింది

ఒక జనవరిలో రాత్రి తొమ్మిదికి హమాలీలు పని ఆపేశారు. క్వింటాలుకు రెండు రూపాయలు పెంచాలన్నారు. బయట నలభై బండ్లు, లోపల నాకు టెన్షన్. పెంచేశాను. మర్నాడు బేళ్లు కట్టే ప్రెస్ దగ్గరివాళ్లు వచ్చారు, మూడోనాడు సర్కీ (పత్తి గింజ) లోడింగ్‌వాళ్లు వచ్చారు. వాళ్లదీ న్యాయమే కదా. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, వారం తిరగకముందే హమాలీలే మళ్లీ ఆగారు. అప్పుడు గానీ ముకద్దంను పక్కన కూర్చోబెట్టి చాయ్ తాగించి అడగలేదు. "రేటు కాదు సాబ్, మా ఊర్ల అంగడి ఐతారం. మీరు పైసలు సోమారం ఇస్తరు. ఇంట్ల ఆడోళ్లు ఎట్ల పోవాలె అంగడికి?" అన్నాడు. చెల్లింపు శనివారానికి మార్చడానికి మాకు రూపాయి ఖర్చు కాలేదు. పెంచిన రెండు రూపాయలు మాత్రం ఇప్పటికీ కడుతున్నాం.

కాబట్టి సెప్టెంబర్‌లోనే ఒక సాయంత్రం అందరినీ పిలవండి. ముకద్దం, గ్రేడర్, ఫిట్టర్, కాంటా అబ్బాయి, పత్తి ఏరే ఆడవాళ్లలో ఒకరిద్దరు. "మీ కష్టాలు చెప్పండి" అంటే ఎవరూ నోరు విప్పరు. ఇలా అడగండి: "జనవరి పదో తారీకు మన గేటుకు తాళం పడింది అనుకుందాం. ఎందుకు పడి ఉంటుంది?" మేనేజ్‌మెంట్ చదువుల్లో దీనికి ప్రీమార్టెమ్ అని పేరు. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త 2007లో దీని గురించి రాశాక బాగా వ్యాపించింది. పని చెడాక చేసేది పోస్టుమార్టం, చెడకముందే చెడినట్టు అనుకుని వెతికేది ఇది. జరిగిపోయినట్టు అడిగితే మనిషికి నిందిస్తున్నానన్న భయం ఉండదు. మా దగ్గర ఒకావిడ "రాత్రి షిఫ్టుకు ఆడోళ్ల బాత్రూం కాడ లైటు లేదు, ఎవలన్న పడితె గొడవైతది" అంది. పదేళ్లుగా లేదట. నాకు తెలియదు.

కూలి రేట్ల ఒప్పందం కూడా ఆ వారంలోనే రాసుకోండి. పగలు ఎంత, రాత్రి ఎంత, తడి సంచికి ఎంత, డబ్బు ఏ రోజు. మహారాష్ట్రలో హమాలీల కోసం 1969 నాటి మాథాడి చట్టం ఉంది. మీ మిల్లుకు అది ఎలా వర్తిస్తుందో కార్మిక శాఖ ఆఫీసులో ఇప్పుడే కనుక్కోండి. ఎవరో లీడర్ వచ్చి చెప్పేదాకా ఆగకండి.

బేరంలో ఎదుటివాడు తన మనుషుల దగ్గరికి తిరిగి వెళ్లాలన్నది మరిచిపోవద్దు. పత్తి మిల్లులవాళ్లం కాబట్టి 1918 అహ్మదాబాద్ సమ్మె సంగతి తెలిసి ఉండాలి. కార్మికులు 35 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 దగ్గర ఆగారు. గాంధీ కార్మికుల వైపు, ఆయనకు తోడు అనసూయా సారాభాయ్. ఆమె తమ్ముడు అంబాలాల్ సారాభాయ్ యజమానుల వైపు. ఒకే ఇంట్లో రెండు పక్షాలు! చివరికి కుదిరింది ఇలా: మొదటి రోజు 35 శాతం, రెండో రోజు 20, మూడో రోజు నుంచి మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా ఇరవై ఏడున్నర. లెక్కల మనిషికి తిక్కగా కనిపిస్తుంది. కానీ ఒక్క రోజైనా ఎవరి పట్టు వాళ్లకు దక్కింది, మిల్లులు నడిచాయి. తర్వాత మధ్యవర్తి ఆనంద్‌శంకర్ ధ్రువ 35 శాతమే ఖాయం చేశారు. ముకద్దం అడిగిన దాంట్లో ఏదో ఒకటి, చిన్నదైనా సరే, అతను తన మనుషుల ముందు "నేను తెచ్చిన" అని చెప్పుకునేలా మిగల్చండి.

ముందు ఎవరు?

ట్రాక్టర్లవాళ్లకు, చిన్న పికప్ బండ్లవాళ్లకు వరుస దగ్గర ఎప్పుడూ పడదు. "నేను రాత్రి నుంచి ఉన్న" అని ఒకరు, "నాది పది నిమిషాల పని" అని ఒకరు. మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికా ఆవిడ 1925లో ఇలాంటిదే చెప్పింది. కొండవాలులో ఒక పాల కేంద్రం. పైనుంచి దిగివచ్చే బండ్లవాళ్లు, కిందినుంచి ఎక్కివచ్చే బండ్లవాళ్లు, క్యాన్లు ముందు మావే దించాలంటే మావే దించాలని తగువు. సగం సగం పంచడం కాకుండా, దించే ప్లాట్‌ఫాం ఉన్న తీరు మార్చారు. రెండు వైపులా ఒకేసారి దించుకున్నారు. మేం పాత సర్కీ షెడ్డు వెనక గోడ పగలగొట్టి చిన్న బండ్లకు వేరే దింపుడు పెట్టాం. కాంటా ఒక్కటే, టోకెన్ రంగులు రెండు. ప్రతి గొడవకూ ఇలాంటి గోడ దొరకదు. దొరుకుతుందేమో యార్డు ఖాళీగా ఉన్నప్పుడు నడిచి చూడండి.

ఇక లారీ కిరాయి. డిసెంబర్‌లో రవాణావాడు రేటు పెంచినప్పుడు మీ దగ్గర రెండో నంబర్ లేకపోతే అది బేరం కాదు, బతిమాలడం. ఇప్పుడే ఇంకొకరితో నాలుగు లోడ్లు పంపించి పరిచయం పెట్టుకోండి. రైతుకు మాత్రం రెండో దారి ఎప్పుడూ ఉంటుంది. వాంకిడి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ రేట్లు మీకంటే ముందు అతని వాట్సాప్‌లో ఉంటాయి. తెలియనట్టు మాట్లాడితే నవ్వుతాడు.

మన దగ్గర భాష వల్ల వచ్చే చిక్కు కూడా చిన్నది కాదు. మరాఠీలో "బఘతో" అంటాం, తెలుగులో "చూస్తా" అంటాం. మనకు అది తప్పించుకునే మాట, విన్నవాడికి అది ఒప్పుకున్న మాట. వారం తర్వాత వచ్చి "మీరే అన్నరు కద" అంటాడు. కాదంటే కాదనండి. చూస్తానంటే ఏ రోజు చెప్తారో కూడా చెప్పండి.

రాత్రి తొమ్మిది తర్వాత

నిర్ణయాలను రెండు రకాలుగా విడదీసుకుంటే సగం భారం తగ్గుతుంది. మర్నాడు మార్చుకోగలిగేవి ఐదు నిమిషాల్లో తేల్చేయండి: ఏ బండి ముందు, ఎవరు ఏ షిఫ్టు, ఒకరికి ఒక్కరోజు సడలింపు. తప్పయినా నష్టం చిన్నది. మార్చుకోలేనివి మూడే. కూలి పెంచడం, మనిషిని తీసేయడం, పోలీసు కేసు పెట్టడం. ఇవి రాత్రి తొమ్మిది తర్వాత ఎంత ఒత్తిడి వచ్చినా చేయకండి. "రేపు పది గంటలకు ఇక్కడే కూర్చుందాం" అనండి, పదికి ఐదు నిమిషాల ముందే అక్కడ ఉండండి.

గేటు మూయడం గురించి విడిగా చెప్పాలి. తడి పత్తి కుప్పలో వేడెక్కి రంగు మారుతుంది. కుప్పల మధ్య దారి పూడిపోతే నిప్పు పుట్టిన రోజు ఫైరింజన్ లోపలికి రాలేదు. ఎన్ని కుప్పలైతే గేటు మూయాలో సున్నంతో నేల మీద గీత గీసి పెట్టుకోండి. గీత దాటాక తెలిసినవాడి బండి కూడా లోపలికి రాకూడదు. ఒక్క బండిని వదిలారంటే బయట ఉన్న అందరూ మీ చుట్టం ఎవరో కనుక్కుంటారు.

ఇంత చేసినా ఏదో ఒక రోజు గేటు ముందు అరుపులు మొదలవుతాయి. అప్పుడు ముందు ట్రాక్టర్ల ఇంజన్లు ఆపించండి, ఆ మోతలో ఎవరైనా గట్టిగానే మాట్లాడతారు. నీళ్ల క్యాన్ బయటికి పంపండి. పదిమందితో మాట్లాడకండి, వాళ్లలో ఒక పెద్దమనిషిని కాంటా గదిలోకి పిలిచి, మీరు కుర్చీలో ఉండి ఆయనను నిలబెట్టకుండా ఇద్దరూ కూర్చోండి. ఆయన చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పి, "ఇంతేనా కాకా, ఇంకేమన్న ఉందా?" అని అడగండి. ఎక్కువసార్లు ఇంకోటి ఉంటుంది, అసలుది అదే. ఫోన్లో వీడియో తీసే కుర్రాడిని తీయనివ్వండి, లాక్కోవద్దు.