మంచు కొండల్లో షికారుకు ముందు రోజు రాత్రే సిద్ధం కావాలి

మా కావలి నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లల దగ్గరికని కెనడా వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది టొరంటో వైపు వెళ్తారు. అక్కడ గుడి ఉంటుంది, తెలుగువాళ్ళుంటారు, కరివేపాకు దొరికే కొట్లుంటాయి. మా అమ్మాయీ అల్లుడూ ఉండేది అలాంటి చోట కాదు. బ్రిటిష్ కొలంబియాలో గోల్డెన్ అనే చిన్న ఊరు. కొలంబియా నదీ, కికింగ్ హార్స్ నదీ కలిసే చోట, చుట్టూ కొండల మధ్యన ఉంటుంది. జనం నాలుగు వేల దాకా ఉంటారేమో. విమానం దిగే కాల్గరీ నుంచి కారులో మూడు గంటల దారి. నేను అక్టోబరులో వెళ్ళి ఏప్రిల్ చివరి దాకా ఉన్నాను. ఆ చలిలో ఇంట్లో కూర్చోకుండా బయటికి ఎలా వెళ్ళాలో నాకు నేర్పింది మా పక్కింటి ఇంగ్లీషు కుటుంబం.

భార్యాభర్తలిద్దరూ ఇంగ్లండు ఉత్తర భాగం నుంచి ఎనిమిదేళ్ళ కిందట వచ్చారు. తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. మా మనవరాలిని చూసి వాళ్ళు కూడా నన్ను అమ్మమ్మా అనే పిలిచేవాళ్ళు. ఇంగ్లండులో తమ ఊళ్ళో ఇంత మంచు పడదనీ, మొదటి ఏడాది తామూ తలుపు తీయడానికి భయపడ్డామనీ ఆ పిల్లల తల్లి చెప్పింది. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. పుట్టినప్పటి నుంచి మంచులో పెరిగినవాళ్ళకు మనకు ఏది తెలియదో తట్టదు. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళకు అది బాగా గుర్తుంటుంది. మీ పిల్లలు ఉండే వీధిలో అలాంటివాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళతో పరిచయం చేసుకోండి. నేను ఒక గిన్నె పులిహోర పట్టుకెళ్ళాను, అంతే.

వాళ్ళు దాదాపు ప్రతి శనివారం ఎక్కడికో ఒకచోటికి వెళ్తారు. మైనస్ పదిహేను డిగ్రీలున్నా వెళ్తారు. కానీ ఆ ప్రయాణం శుక్రవారం రాత్రే వంటింటి బల్ల మీద మొదలవుతుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ బల్ల దగ్గర జరిగే పని గురించే.

మొట్టమొదట దారి చూస్తారు. డ్రైవ్ బీసీ అనే వెబ్‌సైటులో ఏ రోడ్డు తెరిచి ఉంది, ఎక్కడ మంచు తీస్తున్నారు, ఎక్కడ ఆపేశారు అన్నీ ఉంటాయి. కెమెరా ఫోటోలు కూడా ఉంటాయి, వాటిని చూస్తే మీకే అర్థమవుతుంది. తర్వాత కొండ సంగతి చూస్తారు. కొండ వాలు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా జారి పడటాన్ని అవలాంచ్ అంటారు. రెవెల్‌స్టోక్‌లో ఉన్న అవలాంచ్ కెనడా సంస్థ చలికాలమంతా ఏ ప్రాంతంలో ప్రమాదం ఎంత ఉందో ప్రకటిస్తుంది. మన దగ్గర తుఫాను వచ్చే ముందు ఓడరేవుల్లో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారని అడుగుతాం కదా, వాళ్ళు దీన్ని అంత శ్రద్ధగా అడుగుతారు. గోల్డెన్‌కు పడమర ఎనభై కిలోమీటర్ల దూరంలో రోజర్స్ పాస్ అనే కనుమ ఉంది. 1910 మార్చి 4 రాత్రి అక్కడ రైలు పట్టాల మీద పడిన మంచును కూలీలు తీస్తుంటే ఎదుటి కొండ మీది నుంచి ఇంకో అవలాంచ్ వచ్చి 58 మందిని పొట్టన పెట్టుకుంది. వాళ్ళలో చాలామంది బతుకు కోసం జపాను నుంచి వచ్చినవాళ్ళు. ఇప్పటికీ అక్కడ సైన్యం ఫిరంగులు పేల్చి మంచును ముందే కిందికి దించుతుంది. ఆ సమయంలో రోడ్డు ఆపేస్తారు. మేము ఒకసారి అలా మూడు గంటలు కారులో కూర్చున్నాం. ముందే సిద్ధమై వెళ్ళాం కాబట్టి పిల్లలు ఆడుకున్నారు, మేము టీ తాగాం.

ఆ సిద్ధం కావడం ఏమిటంటే, కారు డిక్కీలో మనిషికొక దుప్పటి, చిన్న పార, టార్చి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, ఒక పూటకు సరిపడా తిండి. పెట్రోలు ఎప్పుడూ సగం ట్యాంకుకు తగ్గనివ్వరు. అక్టోబరు 1 నుంచి అక్కడి కొండ రోడ్ల మీద చలికాలం టైర్లు ఉండాలని చట్టం. ఎక్కువ దారుల్లో ఏప్రిల్ 30 దాకా అది అమల్లో ఉంటుంది. టైరు పక్కన కొండ బొమ్మ, అందులో మంచు పువ్వు గుర్తు ఉందో లేదో మీరే వంగి చూడండి. పిల్లలు ఉద్యోగాల హడావుడిలో వాయిదా వేస్తుంటారు, పెద్దవాళ్ళు అడిగితే పని జరుగుతుంది. మంచులో ఇరుక్కుని ఇంజను ఆన్ చేసి కూర్చోవాల్సి వస్తే, ముందు దిగి పొగ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. లేకపోతే విషవాయువు కారులోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. మా అల్లుడు పదేళ్ళ నుంచి కారు నడుపుతున్నా ఈ సంగతి పక్కింటాయన చెప్పాకే తెలిసింది.

ఇక బట్టలు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. చెన్నైలో కొన్న లావుపాటి స్వెట్టరు, ఊళ్ళో కొన్న నూలు సాక్సులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుని నవంబరు చివర వాళ్ళతో ఎమరల్డ్ లేక్ వెళ్ళాను. యోహో నేషనల్ పార్కులో ఉంది, గోల్డెన్ నుంచి గంట ప్రయాణం. నడుస్తుంటే హాయిగానే ఉంది, కొంచెం చెమట కూడా పట్టింది. ఆగి ఫోటోలు తీసుకున్నాం. ఆ పది నిమిషాల్లో కాలి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియకుండా పోయాయి. నూలు చెమటను పీల్చుకుని వదలదు. తడి అయిన నూలు ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. పైగా రెండు జతలతో బూటు బిగుతై రక్తం ఆడలేదు. నేను పైకి చెప్పలేదు. నా వల్ల అందరి ప్రయాణం ఎందుకు పాడవ్వాలి అనుకున్నాను. నా నడక చూసి పక్కింటామే కనిపెట్టింది. కారులో కూర్చోబెట్టి, బూట్లూ సాక్సులూ విప్పి, తన కోటు జిప్పు తీసి నా రెండు పాదాలూ తన పొట్టకు ఆనించుకుంది. నేను వద్దమ్మా అంటున్నా వదల్లేదు. మన దేశంలో పెద్దవాళ్ళ పాదాలను కళ్ళకద్దుకుంటాం. ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలియకుండానే నా పాదాలను ఇరవై నిమిషాలు పొట్ట మీద మోసింది.

అలా తిమ్మిరెక్కిన వేళ్ళను రుద్దకూడదు. వేడి గాలి గొట్టం దగ్గరో మంట దగ్గరో పెట్టకూడదు. వేళ్ళకు స్పర్శ ఉండదు కాబట్టి చర్మం కాలినా తెలియదు. ఒంటి వేడికి మెల్లగా కరగనివ్వాలి. తెల్లగా, మైనంలాగా గట్టిగా మారితే మాత్రం ఆసుపత్రికే వెళ్ళాలి. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి తిమ్మిరి రాగానే నోరు విప్పి చెప్పాలి. మొహమాటపడకండి.

ఆ మర్నాడు ఆమే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి బట్టలు కొనిపించింది. ఒంటికి అంటుకునేలా ఉన్ని బనీను, ఉన్ని ప్యాంటు, దాని మీద ఫ్లీసు, అన్నిటికీ పైన గాలి దూరని, తడవని కోటు. ఉన్ని సాక్సు ఒక్క జత, బూటులో వేళ్ళు కదిలేంత చోటు. చేతులకు వేళ్ళు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కన్నా నాలుగు వేళ్ళూ కలిసి ఉండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. తలకు వాళ్ళు టూక్ అనే ఉన్ని టోపీ, చెవులు మూసేలా. నడిచేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర తీసేయాలి, ఆగగానే మళ్ళీ వేసుకోవాలి. ఇది చంటిపిల్లకు చేసినట్టు మనకు మనం చేసుకోవాలి. బూట్ల అడుగున తొడుక్కునే ఇనప పళ్ళు దొరుకుతాయి. అరవై దాటినవాళ్ళు అవి లేకుండా గడప దాటొద్దు, గడ్డకట్టిన రోడ్డు మీద తుంటి విరగడానికి ఒక్క అడుగు చాలు. చలికోటు మాత్రం మన ఊళ్ళో కొనకండి, అక్కడ వాడిన బట్టల దుకాణాల్లో మంచివి తక్కువకే దొరుకుతాయి. మన దగ్గర నుంచి పట్టుకెళ్ళాల్సింది కొబ్బరినూనె. అక్కడి గాలికి పెదాలు, మడమలు పగిలిపోతాయి. సీసాలో కాకుండా వెడల్పు మూత డబ్బాలో పెట్టండి, ఆ చలికి ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది.

తిండి విషయంలో నేను వాళ్ళకు నేర్పింది కూడా కొంచెం ఉంది. వాళ్ళు శాండ్‌విచ్‌లు తెచ్చేవాళ్ళు, అవి చలికి అట్టముక్కల్లా అయ్యేవి. నేను హాట్ ప్యాక్‌లో నిమ్మకాయ పులిహోర తీసుకెళ్తే మధ్యాహ్నం దాకా వెచ్చగా ఉండేది. పెరుగన్నం పనికిరాదు, గడ్డకడుతుంది. చిక్కీ రాయి అవుతుంది, పళ్ళకు ప్రమాదం. వేయించిన శెనక్కాయలు, ఖర్జూరం, జీడిపప్పు లోపలి జేబులో పెట్టుకుంటే నడుస్తూ తినొచ్చు. టీ పోసే ముందు ఫ్లాస్కులో మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలుంచి పారబోస్తారు, అప్పుడు వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. మంచినీళ్ళ సీసాను తలకిందులుగా పెట్టుకోవాలి. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. అల్లం, శొంఠి వేసిన నా టీ పక్కింటాయనకు ఎంత నచ్చిందంటే, నేను వచ్చేసేటప్పుడు శొంఠి పొడి డబ్బా ఆయనకే ఇచ్చి వచ్చాను.

గడ్డకట్టిన చెరువు మీద నడవడం గురించి ఒక్క మాట. మంచుగడ్డ కనీసం 15 సెంటీమీటర్ల మందం ఉంటే ఒక మనిషి నడవొచ్చు, పదిమంది కలిసి ఆడాలంటే 20 కావాలి. నది మీద, వాగు వచ్చి కలిసే చోట ఆ లెక్క నమ్మకూడదు, అడుగున నీళ్ళు పారుతూ ఉంటాయి. కొలిచిన మనిషి ఎవరో తెలియకపోతే ఒడ్డునే ఉండండి.

ఎలుగుబంట్లు చలికాలం నిద్రలో ఉంటాయి, ఏప్రిల్‌లో బయటికి వస్తాయి. అప్పుడు బేర్ స్ప్రే కావాలి. అందులో ఉండేది మన మిరపకాయ ఘాటే. దాన్ని సంచిలో కాదు, ఛాతీ మీదో నడుము దగ్గరో చేతికి అందేలా పెట్టుకోవాలి. దోమల మందులా ఒంటికి రాసుకునేది కాదు, ఎలుగు మీదికొస్తే దాని ముఖం ముందు చిమ్మేది. ఎలుగు కనిపిస్తే వంద మీటర్ల దూరం ఉండాలని పార్కువాళ్ళ నియమం. మనం వస్తున్నట్టు దానికి ముందే తెలిస్తే అదే చాలాసార్లు తప్పుకుంటుంది, అందుకని మలుపుల దగ్గర గట్టిగా మాట్లాడుతూ నడుస్తారు. నేను తిరుమల మెట్ల మీద అలవాటైన గోవింద నామం పలికేదాన్ని. నెల తిరిగేసరికి ఆ ఇంగ్లీషు పిల్లలిద్దరూ ప్రతి మలుపులో గోవిందా అని నాకన్నా ముందే అరిచేవాళ్ళు.

శుక్రవారం రాత్రి బల్ల దగ్గర ఆఖరి పని, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, వెనక్కి తిరిగే టైము రాయడం. డిసెంబరులో అక్కడ ఐదు లోపే చీకటి పడుతుంది. అందుకని ఒంటిగంటకో ఒకటిన్నరకో, ఎక్కడున్నా సరే, తిరగాలని ముందే నిర్ణయిస్తారు. చెరువు అవతలి ఒడ్డు కళ్ళ ముందే ఉన్నా తిరగాల్సిందే. పిల్లలు ఏడ్చినా తిరగాల్సిందే. పెంచలకోనలో జలపాతం దాకా వచ్చి చూడకుండా వెళ్ళమంటే మనం ఒప్పుకుంటామా? నాకూ మొదట్లో కష్టంగా ఉండేది. ఎమరల్డ్ లేక్ చుట్టూ తిరగడానికి ఐదు కిలోమీటర్ల పైచిలుకు దారి. మూడుసార్లు వెళ్ళినా నేను మొత్తం చుట్టి రాలేదు. ఇంకో సంగతి, చేతి గడియారం పెట్టుకోండి. నేనున్నప్పుడు గోల్డెన్‌కూ రెవెల్‌స్టోక్‌కూ మధ్య ఒక గంట తేడా ఉండేది. పడమర వెళ్తుంటే ఫోనులో టైము దానంతటదే వెనక్కి మారి, ఇంకా గంట ఉందిలే అనిపించేది.

ఆ టైముతో పాటు ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరెవరు, కారు రంగు, నంబరు, ఇంటికి ఎన్నింటికి చేరతారు ఇవన్నీ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కు అంటిస్తారు, ఫోటో తీసి పక్కింటికి పంపుతారు. కొండల్లో చాలా దూరం ఫోను సిగ్నల్ ఉండదు, దారి తప్పితే మనం ఫోను చేయలేం. చెప్పిన టైముకు రాకపోతే ఆ చీటీ ఉన్నవాళ్ళు అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేస్తారు, ఎక్కడ వెతకాలో అందులో ఉంటుంది. తల్లిదండ్రులు పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చే సూపర్ వీసా మీద వెళ్ళినవాళ్ళు తమ ఆరోగ్య బీమా కాగితం నకలు, రోజూ వేసుకునే మందుల పేర్లు కూడా ఆ చీటీ వెనక అంటించండి.

ఇంటికి రాగానే బూట్ల లోపలి మెత్తలు బయటికి తీసి హీటరుకు కొంచెం దూరంగా ఆరబెట్టాలి, మర్నాటికి తడి ఉండకూడదు. దానికన్నా ముందు ఫ్రిజ్ మీది చీటీ తీసేసి, వచ్చేశామని పక్కింటికి మెసేజ్ పెట్టాలి. ఒకసారి మేము అలసిపోయి మరిచిపోయి పడుకున్నాం. రాత్రి ఎనిమిదిన్నరకు ఆమె మంచులో నడిచి వచ్చి మా తలుపు తట్టింది.