టెక్సస్‌లో మసాజ్ లైసెన్స్ కావాలంటే ఏం చేయాలి

బాలింతకి నూనె రాసి ఒళ్ళు పట్టడం అమ్మ దగ్గర నేర్చుకున్న పనే కదా, డాలస్‌లో తెలిసినవాళ్ళకి చేసి క్యాష్ తీసుకుంటే ఎవరడుగుతారులే అనుకునేదాన్ని. అలా కుదరదండి. టెక్సస్‌లో డబ్బు తీసుకుని మసాజ్ చేస్తే లైసెన్స్ ఉండాల్సిందే, వాళ్ళింటికెళ్ళి చేసినా సరే.

హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు ముందు ఈఏడీ, అంటే పని చేసుకోవడానికి ఇచ్చే పర్మిట్, సంగతి తేల్చుకోండి. లైసెన్స్ ఇచ్చేది స్టేట్, పని చేసుకోనిచ్చేది ఇమిగ్రేషన్, ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదు.

తర్వాత స్కూల్. లైసెన్స్ ఇచ్చే డిపార్ట్‌మెంట్ టీడీఎల్ఆర్, స్కూల్‌కి వాళ్ళ లైసెన్స్ ఉందో లేదో వాళ్ళ సైట్‌లో చూశాకే ఫీజు కట్టండి. కోర్సు కనీసం 500 గంటలు, అందులో టెక్నిక్ 200 గంటలు, మిగతావి అనాటమీ, పాథాలజీ (జబ్బుల గురించి), కైనీసియాలజీ (ఒంటి కదలికల గురించి), చట్టాలు లాంటివి, చివర్లో 50 గంటల ఇంటర్న్‌షిప్. అన్నిటికంటే నన్ను ఏడిపించింది దుప్పటి! డ్రేపింగ్ అంటారు, ఏ కాలికి చేస్తున్నామో ఆ కాలు ఒక్కటే బయటికి తీసి, దుప్పటి అంచు తొడ కింద బిగించి దోపాలి, మనిషి పక్కకి తిరిగినా జారకూడదు. ఇది మర్యాద కోసమే అనుకోకండి, రూల్‌లోనే ఉంది.

కోర్సయ్యాక లైసెన్స్ కోసం రాసే ఎంబ్లెక్స్ పరీక్షలో 100 ప్రశ్నలు, 110 నిమిషాలు. కండరాల పేర్లు బట్టీ కొడితే సరిపోదు, ఎవరికి మసాజ్ చేయకూడదో బాగా అడుగుతారు, ఉదాహరణకి పిక్కలో రక్తం గడ్డ కట్టిందని అనుమానమొస్తే అక్కడ చెయ్యి వేయకుండా డాక్టర్ దగ్గరికి పంపాలి. కాన్పయిన కొత్తల్లో ఆ రిస్క్ ఎక్కువ, మన బాలింత మసాజ్‌లో ఇది ఎవరూ చెప్పరు. దాంతోపాటు టెక్సస్ చట్టం మీద చిన్న పరీక్ష, వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటాయి.

రెన్యువల్ 2 ఏళ్ళకోసారి, 12 గంటల క్లాసులు, మనుషుల అక్రమ రవాణా మీద ట్రైనింగ్ కూడా చేయాలి, మసాజ్ పేరు చెప్పి ఏమేం నడుస్తాయో తెలిసిందే కదా.

ఇంకోటి, మొదటిసారి వచ్చిన క్లయింట్‌కి ఏం చేస్తారో, ఒంట్లో ఎక్కడెక్కడ చేస్తారో రాసి, వాళ్ళతో ముందే సంతకం పెట్టించుకోవాలి. మన పిన్నిగారే అయినా, "నాకు కూడా సంతకమేంటే" అని నవ్వినా సరే, పెన్ను చేతికిచ్చాకే నూనె సీసా మూత తీయండి.