రూట్ కెనాల్‌కి బయల్దేరే ముందు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి రూట్ కెనాల్ (పంటి వేరు లోపల శుభ్రం చేసి నింపే వైద్యం) కోసం బరంపురమో విశాఖో వెళ్లే మనవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– ఎన్ని సిట్టింగులో ఫోన్‌లోనే అడగండి. ఒక్కసారిలో అయిపోవచ్చు; చీము పట్టి ఉంటే 2, 3 సార్లు రమ్మంటారు. మధ్యలో పెట్టే సిమెంటు తాత్కాలికమే. నొప్పి తగ్గింది కదా, మళ్లీ బస్సు ఖర్చెందుకని ఊరుకుంటే అది అరిగి, ఉమ్మి లోపలికి దిగి, కథ మొదటికొస్తుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తర్వాత పంటిపై తొడిగే క్యాప్ ఖర్చు కూడా ఫోన్‌లోనే అడగండి, దవడ పళ్లకు చాలావరకు తప్పదు.

– వాడుతున్న మందుల చీటీలన్నీ సంచిలో పెట్టుకోండి. ఒడియా సరిగా రాకపోయినా చీటీ మాట్లాడుతుంది. షుగరు, గుండె జబ్బు, గర్భం, ఏదైనా మందు పడకపోవడం దాచొద్దు. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు.

– వేరే చెప్పకపోతే తినే వెళ్లండి. వైద్యం అయ్యాక మత్తు సూది వల్ల 2, 3 గంటలు నోరు తిమ్మిరిగా ఉంటుంది. అప్పుడు తింటే బుగ్గే కొరుక్కుంటారు.

– నొప్పి పంటికి గుడాకు రుద్దడం మన వైపు మామూలే. అది పొగాకు, వైద్యం కాదు. ఆస్పిరిన్ నూరి చిగురుకి పెట్టడం ఇంకా ఘోరం, చిగురు కాలి తెల్లబడుతుంది.

– ముఖం వాచి జ్వరమొచ్చినా, మింగలేకపోయినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే.